కదలని బండ, కదిలిన బడి: దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం, బోధన

ఆధునిక భారతీయ కళాచరిత్ర రాసేవారికి దేవీప్రసాద్ రాయ్ చౌధురి (1899–1975) ఒక పట్టాన కొరుకుడుపడని మనిషి. చిత్రలేఖనంలో ఆయన అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు. అంటే యూరోపియన్ అకడమిక్ వాస్తవికతను, అనగా కంటికి కనిపించినదాన్ని కొలతలు తప్పకుండా దింపే కళాశాలల పద్ధతిని, వలస పాలకులు తెచ్చిపెట్టిన దిగుమతి సరుకుగా చూసి పక్కనపెట్టిన బెంగాల్ శైలిలో ఓనమాలు దిద్దుకున్నవాడు. శిల్పంలోకి వచ్చేసరికి మాత్రం, ఆ వాస్తవికత నుంచే తన భాషను తయారు చేసుకుని చివరిదాకా దాన్ని వదలలేదు. ఇక బోధన సంగతి ఇంకా విచిత్రం. గుర్తుపట్టగల రూపాలను వదిలేసే నైరూప్య కళ వైపు తాను మొగ్గని ఈ ప్రిన్సిపాల్ దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన మద్రాసు ఆర్ట్ స్కూలులోంచే దక్షిణ భారతంలో ఆధునిక కళోద్యమాన్ని నడిపిన ముఖ్యులు చాలామంది బయటికి వచ్చారు. ఈ మూడు పోగులూ ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉండటం వల్లనే ఆయనను 'వాస్తవికవాది' అనే ఒక్క ముద్రతో సర్దేసి ముందుకు వెళ్లిపోవడం మామూలైంది. ఆ ముద్ర అబద్ధం కాదు గానీ, ఆయన చేతి పనిని అది ఏమాత్రం వివరించదు.

ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో, తాజ్‌హాట్‌లో ఆయన పుట్టాడు. శిల్పంలో ఆయనకు గురువు లండన్‌లో చదువుకుని వచ్చిన హిరణ్మయ్ రాయ్ చౌధురి. కుస్తీ పట్టడం, వేటాడటం, వేణువు వాయించడం, బెంగాలీలో కథలు రాయడం, ఇవన్నీ ఆయనకు ఉన్న వ్యాపకాలు. కళాకారుల జీవిత చిత్రణల్లో ఇలాంటి వివరాలను అలంకారాలుగా చేర్చడం రివాజే అయినా, కుస్తీ విషయం మాత్రం ఇక్కడ పనికొస్తుంది. ఎదుటి మనిషి బరువును తన నడుము మీద, తొడల మీద మోసి చూసినవాడికి శరీరం ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ సడలుతుందో పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం ఉండదు. ఆయన శిల్పాల్లో కండరాలు కేవలం అందం కోసం ఉబ్బవు. ఏదో ఒక భారాన్ని నెడుతూనో, ఆపుతూనో, తట్టుకుంటూనో ఉబ్బుతాయి.

శిల్పం అనగానే తెలుగువారికి మొదట తట్టేది ఉలి, సుత్తి, రాయి. ఆళ్ళగడ్డలో ఇప్పటికీ శిల్పులు చేసేది అదే: రాతిలోంచి అక్కరలేనిది తీసేస్తూ పోతే మిగిలేది మూర్తి. రాయ్ చౌధురి పని దానికి సరిగ్గా తలకిందుల పద్ధతి. ఇక్కడ ఏదీ తీసేయరు. ఉత్త శూన్యంలో ఒక ఇనుప చట్రం నిలబెట్టి, దాని చుట్టూ తీగలు, చెక్కముక్కలు బిగించి, బంకమట్టిని ముద్దలు ముద్దలుగా పేర్చుకుంటూ రూపాన్ని పెంచుతారు. పని సాగినన్నాళ్లూ తడిగుడ్డలు కప్పి మట్టి ఆరిపోకుండా కాపాడుకోవాలి. మట్టి బొమ్మ పూర్తయ్యాక దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. అచ్చులోని మట్టిని తోడేసి, ఆ ఖాళీలో మళ్లీ ప్లాస్టర్ పోసి గట్టి ప్రతి సంపాదిస్తారు. దాని ఆధారంగా కొన్ని మిల్లీమీటర్ల మందంతో లోపల డొల్లగా ఉండే మైనపు ప్రతి తయారవుతుంది. ఆ మైనానికి లోపలా బయటా వేడిని తట్టుకునే మిశ్రమం పట్టించి, కాల్చి, మైనం కరిగి బయటికి పోయిన చోట దాదాపు 1100 డిగ్రీల వేడిలో కరిగిన కంచును పోస్తారు. చల్లారాక అతుకులు సాపుచేసి, రసాయనాలతో రంగు తేలుస్తారు.

ఈ తతంగమంతా చెప్పడానికి కారణం ఉంది. మట్టిని చేత్తో నొక్కినప్పుడు పడిన గుర్తు ఈ దశలన్నీ దాటుకుని కంచు దాకా వెళ్తుంది. దాన్ని చెరిపేసి నున్నగా దిద్దాలా, అలాగే ఉంచాలా అన్నది శిల్పి తీసుకునే నిర్ణయం. పంతొమ్మిదో శతాబ్దపు విగ్రహ శిల్పుల్లో అధికులు చెరిపేసేవారు. కోటు గుండీలు, పతకాలు, మీసం కొసలు అన్నీ అద్దంలా మెరవాలి. ఫ్రాన్స్‌లో శిల్పి ఒగుస్త్ రొదాఁ దానికి ఎదురుతిరిగి ముద్దల గరుకుదనాన్ని, వేలి నొక్కుళ్లను అలాగే వదిలేశాడు. రాయ్ చౌధురి మీద రొదాఁ ప్రభావం ఉన్నదనే మాటకు బలమైన సాక్ష్యం ఆయన కంచు ఉపరితలమే. దగ్గరికి వెళ్లి చూస్తే వీపు అని మనం అనుకున్నది మట్టి అద్దకాల వరుసగా విడిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ వీపుగా కూడుకుంటుంది. ఎండ కోణం మారిన కొద్దీ ఆ గుంటల్లో నీడలు జరుగుతాయి కాబట్టి, కదలని శరీరం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. అకడమిక్ వాస్తవికత కొలతలను నమ్ముతుంది. ఈయన నమ్మింది వెలుగునీడలను. ఈ తేడాను పట్టించుకోకుండా రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం అపార్థాలు పుట్టాయి.

చెన్నై మెరీనా తీరంలో ఉన్న 'ట్రయంఫ్ ఆఫ్ లేబర్', అంటే శ్రమ విజయం, ఆయన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసినది. 1959 జనవరి 25న, గణతంత్ర దినోత్సవానికి ముందురోజు దాన్ని అక్కడ ప్రతిష్ఠించారు. 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ మన దేశంలో తొలి మేడే సభలు జరిపినది మద్రాసు సముద్రతీరంలోనే కాబట్టి, ఏటా కార్మిక సంఘాలు మే ఒకటిన ఈ విగ్రహం దగ్గర చేరడం ఆనవాయితీ అయింది. దీనికి నమూనాలుగా నిలబడినవారిలో ఆర్ట్ స్కూలు రాత్రి కాపలాదారు కూడా ఉన్నాడని చెబుతారు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా సంగ్రహాలయం ఆవరణలో కూడా దీని ప్రతి ఉంది.

శిల్పంలో ఉన్నది నలుగురు మగవాళ్లు, ఒక పెద్ద బండ, దాన్ని కదల్చడానికి వాళ్లు వాడుతున్న మీటల్లాంటి పొడవాటి దుంగలు. ఒంటి మీద గోచి తప్ప దాదాపు ఏమీ లేదు. శీర్షికలో 'విజయం' ఉన్నా, మనకు కనిపించే క్షణంలో బండ ఇంకా లొంగలేదు. శిల్పి ఎంచుకున్నది గెలుపుకు ముందరి క్షణాన్ని, శరీరంలోని బలమంతా బండలోకి దిగి, బండ ఇంకా జవాబివ్వని క్షణాన్ని. బండ కదిలిపోయిన తరువాతి దృశ్యాన్ని మలిచి ఉంటే, చేతులు పైకెత్తిన నలుగురు మనుషులు మిగిలేవారు. అది ఊరేగింపు బొమ్మ అయ్యేది. బలానికీ ప్రతిబలానికీ మధ్య ఉన్న ఈ బిగింపు వల్లనే నాలుగు వేర్వేరు శరీరాలు ఒకే కండరంలా పనిచేస్తున్నట్టు అనిపిస్తాయి. ఒక్కొక్క మనిషి వంపు పక్కవాడి వంపుకు కొనసాగింపుగా ఉంటుంది. చూపు ఆ వంపుల మీదుగా జారుకుంటూ వెళ్లి చివరికి బండ దగ్గర ఢీకొంటుంది. ముఖాలు ఎవరివో గుర్తుపట్టేటట్టు ఉండవు. వీళ్లెవరో మనకు తెలియదు, తెలియాలని శిల్పికీ లేదు.

అదే నగరంలో దీనికి ముందు వీధుల్లో నిలబడిన విగ్రహాలతో పోల్చి చూస్తే ఇందులోని తెగువ అర్థమవుతుంది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో గుర్రం మీద కూర్చున్న విగ్రహం 1839 నుంచి మద్రాసులో ఉంది. దాన్ని చేసినది ఇంగ్లండ్ శిల్పి చాంట్రీ. (రాయలసీమవాసులకు మన్రో పేరు కొత్త కాదు, ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు.) విగ్రహం అంటే పీఠం, పీఠం మీద పేరున్న పెద్దమనిషి, ఆయన బిరుదులు, ఇదీ నూరేళ్ల పైబడిన అలవాటు. స్వాతంత్ర్యం తరువాత మనమూ పాలకుల పేర్లు మార్చి పీఠాలను అలాగే ఉంచుకున్నాం. అలాంటి చోట పేరులేని నలుగురు కూలీలకు సముద్రం ఎదుట స్థలం దొరకడం చిన్న సంగతి కాదు.

అయితే ఆయన బతుకుతెరువులో పెద్ద భాగం ఆ పీఠాల విగ్రహాలదే అన్న సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. కోల్‌కతాలోని సర్ అశుతోష్ ముఖర్జీ, సురేంద్రనాథ్ బెనర్జీ విగ్రహాలు ఆయనవే. ఆకృతి ప్రధానమైన శిల్పంలో ఉన్నవాడికి ఇది తప్పని షరతు. కంచు ఖరీదైనది, పోత పని ఇంకా ఖరీదైనది. ప్రభుత్వమో, విరాళాల కమిటీయో డబ్బు పెట్టకపోతే పది అడుగుల బొమ్మ మట్టి దశలోనే ఎండి బీటలు వారుతుంది. కమిటీలకు కావలసినది పోలిక. శిల్పికి కావలసినది భంగిమ. ఈ ఇద్దరికీ మధ్య జరిగే బేరంలోంచి ఒక మంచి విగ్రహం పుట్టడం అదృష్టమే. నేడు తెలుగు ఊళ్ల కూడళ్లలో వెలుస్తున్న విగ్రహాల్లో పోలిక ఎంతో కొంత కుదిరినా భంగిమ మాత్రం అందరిదీ ఒకటే కావడానికి కారణం, ఆ బేరంలో రెండో పక్షం నోరు మూతపడటమే.

గాంధీ విగ్రహాల దగ్గర ఆ బేరం ఆయనకు బాగా కుదిరింది. మెరీనాలో ఉన్న గాంధీ, కోల్‌కతాలో ఉన్న గాంధీ, ఢిల్లీ సర్దార్ పటేల్ మార్గ్‌లో 'గ్యారహ్ మూర్తి'గా పేరుపడిన దండియాత్ర సమూహంలోని గాంధీ, ముగ్గురూ నడుస్తున్నవాళ్లే. నడకను కంచులో నిలపడం చెప్పినంత తేలిక కాదు. నడిచే మనిషి ఫొటో తీస్తే ఏదో ఒక క్షణంలో ఒక కాలు గాలిలో ఆగిపోయి ఒంటికాలి కొంగలా కనిపిస్తాడు. ఫొటో నిజమే, నడక మాత్రం అందులో ఉండదు. రొదాఁ చూపిన ఉపాయం ఏమిటంటే, ఒక అడుగు మొదలూ తుదీ రెండింటినీ ఒకే శరీరంలో కలపడం: వెనక కాలు నేలను ఇంకా తంతూనే ఉంటుంది, ముందు కాలు నేలను అప్పటికే తాకి ఉంటుంది, బరువు ఆ రెంటి మధ్య ఎక్కడో ప్రయాణంలో ఉంటుంది. వాస్తవంలో ఏ ఒక్క క్షణంలోనూ శరీరం అలా ఉండకపోయినా, చూసేవాడి కన్ను ఆ రెండు క్షణాల మధ్య దూరాన్ని తానే నడుస్తుంది. గాంధీ విషయంలో చేతికర్ర ఇంకో మేలు చేసింది. అది కథకు గుర్తు కావడంతో పాటు, ముందుకు వంగిన శరీరానికి నేల మీద మూడో ఊతం. పాలరాతిలో ఇలాంటి భంగిమ చెక్కాలంటే కాళ్ల వెనక ఒక చెట్టు మొదలో, రాతి దిమ్మో పెట్టక తప్పదు. కంచుకు ఉన్న సాగుబలం వల్ల సన్నని పిక్కల మీదే మొత్తం మూర్తి నిలబడగలదు. సన్నని కాళ్ల గాంధీకి కంచు కన్నా తగిన పదార్థం దొరకదు.

ఢిల్లీ సమూహంలో గాంధీ వెనక పదిమంది ఉన్నారు. దండియాత్ర దృశ్యం పాత అయిదు వందల నోటు వెనక కూడా అచ్చయింది కాబట్టి, నోట్ల రద్దుకు ముందు ఆ నడకను జేబులో పెట్టుకుని తిరగని భారతీయుడు అరుదు. సమూహాన్ని కూర్చడంలో దీనికన్నా కఠినమైనది పట్నాలోని అమరవీరుల స్మారకం. 1942 ఆగస్టు 11న, క్విట్ ఇండియా ఉద్యమంలో, పట్నా సచివాలయం మీద జెండా ఎగరేయడానికి వెళ్లిన విద్యార్థుల్లో ఏడుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ల స్మారకానికి 1947 ఆగస్టు 15న శంకుస్థాపన జరిగింది. ఇటలీలో పోత పోయించిన ఏడు కంచు మూర్తులను 1956లో రాజేంద్ర ప్రసాద్ ఆవిష్కరించారు. ఏడుగురిలో కొందరు ముందుకు సాగుతున్నారు, కొందరు కూలుతున్నారు. పైకి లేచే గీతా నేలకు వాలే గీతా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. మెరీనా శిల్పంలో బలమంతా ఒకే దిక్కుకు ప్రవహిస్తే, ఇక్కడ అది తెగిపోతూ, మళ్లీ అతుక్కుంటూ సాగుతుంది. శిల్పంగా పట్నా సమూహాన్నే నేను పై మెట్టున పెడతాను. మెరీనాలోని నలుగురి కండల్లో కొంత నాటకీయత ఉంది, ఇక్కడి కుర్రాళ్ల ఒళ్లు మామూలు విద్యార్థుల ఒళ్లలాగే ఉన్నాయి.

తిరువాంకూరులో దళితులకు గుడి తలుపులు తెరుస్తూ 1936 నవంబరులో వెలువడిన ఆలయ ప్రవేశ ప్రకటనను గురించి చేసిన ఉబ్బెత్తు శిల్పం, బెంగాల్ కరవు జ్ఞాపకాలు వెంటాడే 'విక్టిమ్స్ ఆఫ్ హంగర్' ఆయన ఇతర ముఖ్యమైన పనులు. ఈ రెండోది ప్రత్యేకంగా చెప్పుకోదగినది, ఎందుకంటే ఇందులో ఆయనకు ఇష్టమైన కండ లేదు. ఎముకల గూడు మీద సాగదీసిన చర్మాన్ని మలచవలసి వచ్చినప్పుడు, శరీర భారాన్ని గురించి ఆయనకు తెలిసినదంతా అది పోయిన తీరు చూపడానికి ఉపయోగపడింది.

ఇక బడి సంగతి. మద్రాసు ఆర్ట్ స్కూలును 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు ప్రారంభించాడు. రెండేళ్లలో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. పేరుకు కళాశాల గానీ, నడిచినది పరిశ్రమల శిక్షణ కేంద్రంగా. లోహపు పని, చెక్క నగిషీ, కుండలు, నగలు, తివాచీలు, ఇవీ అక్కడ నేర్పినవి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అల్యూమినియం పాత్రల తయారీ ప్రయోగాలు కూడా ఆ ఆవరణలోనే జరిగాయి. స్థానిక చేతివృత్తులను కాపాడి ప్రదర్శనలకు పంపడం పాలకుల ఉద్దేశం. విద్యార్థి తన కంటితో చూసి తనకు తోచినది గీయడం ఆ లెక్కలో లేదు. 1920ల చివర మద్రాసు చేరిన రాయ్ చౌధురి ఆ సంస్థకు తొలి భారతీయ అధిపతి అయి, 1957లో పదవీ విరమణ చేసేదాకా ఉన్నాడు.

ఆయన తెచ్చిన మార్పును రెండు మాటల్లో చెప్పవచ్చు: మనిషిని ఎదుట నిలబెట్టి గీయించాడు, విద్యార్థులను గదిలోంచి బయటికి పంపాడు. అంతవరకు అచ్చు నమూనాల నకళ్లతో, అలంకార రేఖలతో సరిపెట్టుకున్న చోట, సజీవ నమూనా ముందు కూర్చుని బరువు ఏ కాలి మీద ఉందో, తుంటి ఎటు వాలిందో, దానికి సరిదిద్దుగా భుజం ఎటు లేచిందో చూడటం పాఠమైంది. రేవులు, వీధులు, పొలాలు గీయడం పాఠమైంది. చిత్రకళ, శిల్పకళలు చేతివృత్తుల నీడలోంచి బయటపడి స్వతంత్ర విభాగాలుగా బలపడ్డాయి. దీని వల్ల ఒక నష్టం కూడా జరిగింది. చేతివృత్తుల విభాగాలు అదే ఆవరణలో ఉంటూనే రెండో వరుసలోకి జరిగాయి. లలిత కళాకారుడు వేరు, పనివాడు వేరు అనే గీత అక్కడా పడింది. ఆ గీతను చెరపడానికి తరువాతి తరం చాలా పాటుపడవలసి వచ్చింది.

1953 దాకా ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి, బొమ్మలు నేర్చుకోవాలనుకున్న తెలుగు కుర్రవాళ్లు సహజంగా ఈ బడికే చేరారు. చిత్తూరు సీమ నాగలాపురం నేపథ్యం ఉన్న కె. శ్రీనివాసులు ఇక్కడ చదివి, తరువాత మద్రాసులోని నృత్య, కళల విద్యాసంస్థ కళాక్షేత్రలో బోధించాడు. లేపాక్షి కుడ్యచిత్రాల నుంచి, మన బొమ్మల నుంచి తీసుకున్న బిగువైన రేఖతో చదునైన బొమ్మలు వేసిన ఆయన శైలిలో గురువు ఛాయ వెతికినా కనిపించదు. విజయనగరం వైపు నుంచి వచ్చిన అంట్యాకుల పైడిరాజు చిత్రకారుడిగానూ, శిల్పిగానూ పేరు తెచ్చుకున్నాడు.

శిష్యుల్లో ఎవరూ గురువులా పనిచేయకపోవడం ఈ ఇద్దరి విషయంలోనే కాదు. ప్రదోష్ దాస్‌గుప్తా మద్రాసులో ఆయన దగ్గర శిల్పం నేర్చుకుని, విదేశాల్లో చదివి వచ్చి, 1943లో కలకత్తా గ్రూప్ అనే ఆధునిక కళాకారుల బృందాన్ని స్థాపించినవారిలో ఒకడయ్యాడు. కండరాలను వదిలి గుడ్డులాంటి మూసిన గుండ్రని రూపాల వైపు వెళ్లాడు. అదే గ్రూప్‌లోని పరితోష్ సేన్ కూడా మద్రాసు విద్యార్థే. కె.సి.ఎస్. పణిక్కర్ ఇక్కడే చదివి, ఇక్కడే ఉపాధ్యాయుడై, గురువు ఇంకా ప్రిన్సిపాల్‌గా ఉండగానే 1944లో ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ ఏర్పాటు చేసి, 1957లో ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. 1966లో చోళమండల్ కళాకారుల గ్రామం పణిక్కర్ నాయకత్వంలో వెలిసింది. చేతివృత్తుల విభాగంలోని రేకు పని, లోహపు పని వైపు విద్యార్థుల దృష్టి మళ్లించి, పైన చెప్పిన గీతను చెరిపే ప్రయత్నం మొదలుపెట్టిన వాడూ ఆయనే. జానకీరామ్ రాగి రేకులను సాగగొట్టి చేసిన శిల్పాలు ఆ దారిలో పుట్టాయి.

దీన్ని గురువు ఓటమిగా చూడవచ్చు. కొందరు అలాగే చూశారు. నా లెక్క వేరు. ఒక శైలిని రుద్దడానికి తగినంత అధికారం, తగినంత కాలం, తగినంత పేరు ఆయనకు ఉన్నాయి. 1954లో లలిత కళా అకాడమీకి తొలి అధ్యక్షుడైనవాడు, 1958లో పద్మభూషణ్ పొందినవాడు. తన నకళ్లను ముప్ఫై ఏళ్లపాటు తయారు చేయడానికి అడ్డేమీ లేదు. బెంగాల్ శైలిని కలకత్తా నుంచి మోసుకెళ్లిన ఇతర గురువులు చాలాచోట్ల అదే చేశారు. ఫలితంగా ఊరూరా ఒకే మసక రంగుల బొమ్మలు మిగిలాయి. మద్రాసులో అలా జరగలేదు. కంటి ముందున్న శరీరాన్ని చూడటమే పాఠమైన చోట, ఆ చూపు అలవడ్డాక దేన్ని వదిలేయాలో విద్యార్థి తేల్చుకోగలడు. దాస్‌గుప్తా గుడ్డు రూపాల్లోనూ బరువు ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చుంటుంది.

శిల్పంలో ఈ వారసత్వాన్ని మోసినవాడు ఎస్. ధనపాల్. ఆయన తమిళ సంఘ సంస్కర్త పెరియార్‌ను ఎదుట చూస్తూ తల విగ్రహం చేసిన మనిషి, అంటే పోలిక పట్టడం బాగా తెలిసినవాడు. తరువాత గుండ్రని, సరళమైన రూపాల వైపు మళ్లి, 1970లలో ఆ సంస్థకే ప్రిన్సిపాల్ అయ్యాడు. అదే కాలంలో శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ మరో దారి తొక్కాడన్నది మరవరాదు. ఆయన 1938 నాటి 'సంథాల్ కుటుంబం' సిమెంటు, ఎర్రమట్టి కంకరతో ఆరుబయట నేరుగా కట్టినది. కంచు ఖర్చూ లేదు, కమిటీ బేరమూ లేదు. అందులో ఆడమనిషి ఉంది, పిల్లవాడున్నాడు, కుక్క కూడా ఉంది. రాయ్ చౌధురి శ్రమ శిల్పంలో ఆడవాళ్లు లేరు. మద్రాసులో ఏ కట్టడం దగ్గరైనా ఇటుకలు, ఇసుక మోసేది సగం మంది ఆడవాళ్లే కదా అన్న ప్రశ్న ఆ నలుగురి ముందు నిలబడితే రాక మానదు. శ్రమను మగ కండరంతో సమానం చేయడం ఆ కాలపు ప్రపంచమంతటి అలవాటు; ఆయన కూడా దాన్ని దాటలేదు.

దాటినవాడు ధనపాల్, పణిక్కర్‌ల విద్యార్థుల్లో ఉన్నాడు. కేరళ నుంచి మద్రాసు వచ్చి చదివిన కానాయి కుంజిరామన్ 1969లో మలంపుళ ఆనకట్ట ఉద్యానంలో ముప్ఫై అడుగుల 'యక్షి'ని కాంక్రీటులో నిలిపాడు. కాళ్లు చాచి కూర్చున్న ఆ నగ్న స్త్రీమూర్తి ఎవరి కోసమూ ఏదీ మోయదు, దేన్నీ నెట్టదు. తన బరువును తానే నేల మీద మోపి కూర్చుంటుంది. దాని మీద అప్పట్లో పెద్ద దుమారమే రేగింది, అయినా అది ఇప్పటికీ అక్కడే ఉంది.